పెరట్లో దాగిన మన చరిత్ర



ప్రతి ఏటా ఆగస్టు 9న మనమంతా ఒకచోట చేరతాం. థింసా ఆడతాం, కొమ్ముకోయ ఆట చూస్తాం, గుస్సాడీ దరువుకు కాలు కదుపుతాం. కొమరం భీం పటానికి, గాం గంటం దొర, మల్లు దొరల పటాలకు దండలు వేస్తాం. అడవి కోసం, పోడు కోసం మన తాతలు చేసిన పోరాటాలను తలుచుకుంటాం. అవి తలుచుకోవలసినవే. అయితే ఒక ప్రశ్న మాత్రం మనం ఎప్పుడూ వేసుకోలేదు. పోడు కొట్టొద్దని ఆంక్షలు పెట్టిన రోజుల్లో, మగవాళ్లను వెట్టికి పట్టుకుపోయిన రోజుల్లో మన గూడేలలో పొయ్యి మీద ఏం ఉడికింది? పిల్లలు ఏం తిని బతికారు?

దానికి జవాబు ఇంటి వెనకే ఉంది. నాలుగు చిక్కుడు పాదులు, గుడిసె పైకి పాకిన సొర తీగ, బూడిద చల్లిన వంగ మొక్కలు, నీళ్లు పారబోసే చోట చేమదుంపలు. పెరడు అనండి, దొడ్డి అనండి, ఆ కాస్త చోటే మన జాతులను ఎన్నో కరువుల్లోంచి దాటించింది. దాని చరిత్రను ఎవరూ రాసి పెట్టలేదు. అది అమ్మల చేతుల్లో, అవ్వల మూటల్లో ఉండిపోయింది. ఈ సంచికలో ఆ చరిత్రను మనమే చెప్పుకుందాం.

ఆకలి నెలల తోడు

మన పంటల లెక్క మీకు తెలిసిందే. తొలకరికి పోడులో, చేనులో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది చల్లుతాం. గింజ ఇంటికి వచ్చేసరికి ఆశ్వయుజమో, కార్తీకమో అవుతుంది. కంది అయితే ఇంకా ఆలస్యం. కిందటేటి గింజేమో ఆషాఢానికే అడుగంటుతుంది. మధ్యలో రెండు మూడు నెలలు గడవడం కష్టం. మామిడి టెంకలు దంచి అంబలి కాచుకున్నది ఆ నెలల్లోనే. అడవి దుంపలు తవ్వుకున్నదీ ఆ నెలల్లోనే.

ఆ నెలల్లో పెరడు ముందుగా చెయ్యి అందించేది. అందుకు కారణం ఉంది. పెరటి మట్టి చేని మట్టి కంటే బలమైనది. పొయ్యి బూడిద, పశువుల పేడ, ఊడ్చిన చెత్త, కడుగు నీళ్లు అన్నీ ఏడాది పొడవునా అక్కడికే చేరతాయి. తొలి వానకు వేసిన తోటకూర నెల తిరగకుండా కూరకు వస్తుంది. గోంగూర వెంటే వస్తుంది. పెరటి మొక్కజొన్న మూడు నెలలలోపే పచ్చి కంకి ఇస్తుంది. సొర, బీర రెండు నెలలకు కాపు మొదలుపెడతాయి. చేను గింజ ఇచ్చేదాకా ఇంటిని నడిపేది ఇవే.

అందుకే పెరటి పని సరదాకు చేసే పని కాలేదు. పోడు ఎక్కడ కొట్టాలో ఊరి పెద్దలు కూర్చుని తేల్చేవారు. పెరట్లో ఏ మూల ఏం పెట్టాలో, ఏ కాయను విత్తనానికి వదలాలో ఇంటి ఆడవాళ్లు తేల్చేవారు. ఈ రెండో తీర్మానానికి సభ ఉండేది కాదు, గాని దాని మీదే శ్రావణ మాసపు కూడు ఆధారపడి ఉండేది.

ఒక్కో నేల, ఒక్కో పెరడు

మనది ఒకే నేల కాదు, ఒకే వాతావరణమూ కాదు. శ్రీకాకుళం కొండల నుంచి నల్లమల దాకా, అరకు నుంచి ఆదిలాబాద్ దాకా చలి వేరు, ఎండ వేరు, వాన వేరు. పెరళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ నేలలో మన వాళ్లు ఎలా బతకడం నేర్చుకున్నారో తెలుస్తుంది.

ముందు అరకు, పాడేరు, చింతపల్లి కొండలు. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున వేడి సున్నా డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. ఆ మంచుకు గుమ్మడి తీగ నల్లబడి చచ్చిపోతుంది. అందుకని గుమ్మడిని తొలకరికే పెట్టి, చలి ముదరకముందే కాయలు దించి అటక ఎక్కిస్తారు. ముదిరిన గుమ్మడి నెలల తరబడి చెడదు. చిక్కుడు సంగతి వేరు. నాటు చిక్కుడును మీరు ఎప్పుడు పెట్టినా, పగలు తగ్గి రాత్రి పెరిగితే గాని పూతకు రాదు. జ్యేష్ఠంలో పెట్టిన పాదు వానాకాలమంతా ఆకు వేస్తూ పందిరి నిండుతుంది. చలి మొదలయ్యాక గెలలు గెలలుగా కాస్తుంది. మిగతా పాదులు ఎండిపోయే వేళకు చిక్కుడు అందుకుంటుంది. భగత, కోదు, వాల్మీకి, కొండదొర ఇళ్ల ముందు కనిపించే ఆ పందిళ్లు అందం కోసం వేసినవి కావు.

ఇక సీతంపేట వైపు సవర, జాతాపు గూడేలు. అక్కడ ఇల్లే కొండవాలు మీద ఉంటుంది. వాన పడితే మట్టి జారిపోతుంది. కొండవాలును మెట్లుగా మలిచి సాగు చేయడంలో సవరలకు పేరుంది. ఆ తెలివే పెరటికీ వచ్చింది. రాళ్లు పేర్చి మట్టిని ఆపి, ఆ మడిలో పసుపు, అల్లం, కంద, చేమ పెడతారు. దుంప జాతులు మట్టిని పట్టుకుంటాయి. పైన వాన ఎంత కొట్టినా కింద దుంప ఊరుతూనే ఉంటుంది.

గోదావరి ఒడ్డున కోయలకు, కొండరెడ్లకు రెండు శత్రువులు: ఎండ, వరద. వేసవిలో భద్రాచలం, కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. వానాకాలంలో నది గుమ్మం దాకా వస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకోండి. 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులకు వచ్చింది. అంత నీరు వచ్చినప్పుడు పెరడు ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. విత్తనం మాత్రం మిగలాలి. అందుకని పెద్దవాళ్లు విత్తనాన్ని ఒకేచోట ఉంచేవారు కాదు. కొంత అటక మీద, కొంత కొండ మీది చుట్టాలింట్లో ఉండేది. వరద తీశాక ఒడ్డున కొత్త ఒండ్రు మిగులుతుంది. ఆ తడి ఆరకముందే మిరప, వంగ, చిక్కుడు, తీగ జాతులు పెట్టేస్తే చలికాలపు కూరలు వచ్చేస్తాయి. పెరటిని ముంచిన నీరే మళ్లీ పెరటికి ఎరువు మిగిల్చి పోయేది.

ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేలలో నల్లరేగడి. అక్కడ చలికాలం 5 డిగ్రీల దాకా దిగుతుంది, ఎండాకాలం 45 దాటుతుంది. నల్లమట్టి వానకు ముద్దవుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లో కూరగాయ వేరు తెగిపోతుంది. కాబట్టి అక్కడి పెరడు వానను పట్టుకుని నడుస్తుంది. మృగశిర కార్తెలో ఇంటి వెనక కంచె కట్టి మొక్కజొన్న పెడతారు. దాని కాడకు చిక్కుడు పాకుతుంది. కింద దోస, గుమ్మడి నేలను కప్పి తడి ఆరిపోకుండా కాపాడతాయి. ఒకే అడుగు నేలలో మూడు అంతస్తుల పంట.

నల్లమల చెంచుల కథ మనందరికంటే పాతది. వాళ్లకు అడవే పెరడు. వాన తక్కువ, రాయి ఎక్కువ ఉన్న ఆ కొండల్లో కూరగాయ మడి కట్టడం కంటే దుంప ఎక్కడ ఊరుతుందో తెలిసి ఉండటమే పెద్ద సేద్యం. దుంప తవ్వేటప్పుడు తలభాగాన్ని గుంటలోనే వదిలి మట్టి కప్పే పద్ధతి వాళ్ల పెద్దలు నేర్పినది. మరుసటి వానకు అది మళ్లీ తీగ వేస్తుంది. విత్తనం దాచుకోవడమంటే ఇదే కదా! 1940ల్లో హైదరాబాద్ రాజ్యంలో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, గోండుల మీద 1948లో పుస్తకాలు వెలువరించాడు. చెంచుల బతుకు అడవి దుంపలతో ఎంతగా ముడిపడి ఉందో ఆయన ప్రపంచానికి చెప్పాడు. మన అవ్వలకు అది ఎవరూ చెప్పనక్కరలేదు.

వచ్చినవాటిని కలుపుకున్న తీరు

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మన పెరట్లో ఉన్నదంతా అనాదిగా మనదే అనుకుంటే పొరపాటు. వంగ, చిక్కుడు, బీర, కాకర, కంద, చేమ ఈ నేలలో చాలా పాతవి. మిరప, గుమ్మడి, మొక్కజొన్న, టమాటా, కర్రపెండలం, రాజ్మా మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. 1498లో పోర్చుగీసు ఓడలు మన దేశపు తీరం చేరాక, ఆ తర్వాతి కాలంలో ఒక్కొక్కటిగా దిగాయి. తీరం నుంచి సంతకు, సంత నుంచి కొండకు ఎక్కాయి.

పేర్లలోనే ఆ చరిత్ర ఉంది. కొత్తగా వచ్చిన గింజ జొన్నలా వాడకానికి వచ్చింది గనుక మొక్కజొన్న అయింది. కర్రలాంటి కాడ ఉన్న కొత్త దుంప కర్రపెండలం అయింది. మిరియంలా మండే కాయ మిరప అయింది. తెలియనిదాన్ని తెలిసినదాని పక్కన కూర్చోబెట్టి పేరు పెట్టారు. మన పెద్దలు కూడా వాటిని కాదనలేదు. పెట్టి చూశారు, మన చలికి, మన ఎండకు తట్టుకున్నవాటి విత్తనం తీశారు, తట్టుకోనివాటిని వదిలేశారు. ఇవాళ చింతపల్లి వైపు రాజ్మా లేని గూడెం అరుదు. సంప్రదాయమంటే తలుపులు మూసుకోవడం కాదని మన పెరడే చెబుతోంది. ఏది ఉంచుకోవాలో మనమే తేల్చుకోవడం సంప్రదాయం.

చట్టం చూసిన నేల, చట్టం చూడని నేల

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా మన పోడుగా ఉన్నది రిజర్వు అడవి అయింది. పోడు నేరమైంది, కట్టె కొడితే జరిమానా, పశువును తోలితే మామూలు. మన్యంలో ఆ కోపం రోడ్ల వెట్టి చాకిరీతో కలిసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడిగా బయటపడింది. అల్లూరి సీతారామరాజు వెంట మన గాం సోదరులు నడిచిన ఆ పోరాటం 1924 దాకా సాగింది. నిజాం రాజ్యంలోనూ అటవీ హద్దులు గోండు, కొలాం గూడేలను నెట్టుకుంటూ వచ్చాయి. దానికి ఎదురు తిరిగిన కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు.

ఈ చరిత్ర మీరు చదివారు. దాని పక్కన మనం చేర్చుకోవలసిన పేజీ ఒకటుంది. పోడు తగ్గినకొద్దీ పెరటి మీద భారం పెరిగింది. విశాలమైన పోడులో కలిపి చల్లే గుమ్మడి, దోస, చిక్కుడు, బెండ విత్తనాలకు ఇంటి వెనక మడి ఒక్కటే చోటైంది. గూడెం ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలినప్పుడు పోడును మోసుకుపోలేరు. చెట్లను మోసుకుపోలేరు. సొరబుర్రలో పోసి, మూతి బిగించిన విత్తనాన్ని మాత్రం మోసుకుపోయారు. కొత్త చోట తొలి వానకు వాటిని పెట్టారు. ఊరు మళ్లీ మొదలైంది అక్కడే.

మన పండుగలు కూడా ఈ మాటే చెబుతాయి. కోయల విజ్జ పండుం విత్తనాల పండుగ. విశాఖ మన్యంలో ఇటుకల పండుగకు విత్తనాన్ని దేవత ముందు పెట్టి పూజించాకే పొలానికి తీసుకుపోతారు. సవర, జాతాపుల కంది కొత్తల పండుగ కాకముందు కొత్త కంది నోట పెట్టరు. చిక్కుడుకాయకు కూడా కొత్తల పండుగ చేసుకునే గూడేలు ఉన్నాయి. కాయ ముదరకముందే అందరూ తెంపేసి తినేస్తే విత్తనం మిగలదు. పండుగ దాకా ఆగమనడంలో భక్తి ఉంది, విత్తనం కాపాడే లెక్కా ఉంది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అడవి భూమిలో ఉంటున్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తుంది. ఆ చట్టంలో ఒక మాటను గమనించండి. సొంత సాగుతో పాటు నివాసానికి కూడా హక్కు అడగవచ్చు. అంటే ఇల్లు, ఇంటి చుట్టూ ఉన్న చోటు కూడా హక్కే. మన వాళ్లు చేనుకే దరఖాస్తు పెట్టి ఇంటి జాగాను మరిచిపోయిన సందర్భాలు ఉన్నాయి. గ్రామసభలో కూర్చునే యువత ఈ తేడా తెలుసుకోవాలి.

ఇప్పుడు పోతున్నది ఏమిటి

పోడు మీద నిషేధం ఉన్నప్పుడు కూడా మిగిలిన పెరడు, ఇప్పుడు ఎవరూ నిషేధించకుండానే పోతోంది. ఇది మనం దాచుకోకూడని నిజం.

పోలవరం ముంపు వల్ల గోదావరి ఒడ్డు వదిలి కాలనీలకు వెళ్లిన మన వాళ్లను అడగండి. ఇల్లు పక్కాది, రోడ్డు పక్కనే ఉంది. కానీ గోడకు గోడ ఆనుకుని ఉంటే పందిరి ఎక్కడ వేయాలి? గడ్డికప్పు మీద సొర తీగ హాయిగా పాకేది. రేకుల కప్పు ఎండకు కాలిపోయి లేత తీగను మాడ్చేస్తుంది. అలాంటి ఒక కాలనీలో ఓ అవ్వ తన పెట్టెలోంచి గుడ్డ మూట తీసి మనకు చూపించింది. లోపల సొర గింజలు, నల్ల చిక్కుళ్లు.

"ఇది ఏ రకం అవ్వా?" అని అడిగితే, "రకం నాకేం తెలుసు బిడ్డా, మా అత్త ఇచ్చింది. పెట్టడానికి చోటు లేక మూడేళ్లుగా మూటలోనే ఉంది" అంది.

మూడేళ్లంటే మామూలు మాట కాదు. మూటలో ఉన్న విత్తనం ఏటేటా బలం కోల్పోతుంది. కొన్నాళ్లకు మొలకే రాదు. పుస్తకాన్ని బీరువాలో పెట్టి దాచవచ్చు. విత్తనాన్ని మాత్రం పెట్టి, కాయించి, మళ్లీ తీస్తేనే దాచినట్టు.

ముంపు లేని గూడేల్లోనూ వేరే దారిలో ఇదే జరుగుతోంది. సంతలో ప్యాకెట్ విత్తనం దొరుకుతోంది. కాయ పెద్దది, కాపు ఎక్కువ. తప్పని అనలేం. కానీ హైబ్రిడ్ కాయ నుంచి గింజ తీసి పెడితే మళ్లీ అదే కాయ రాదు. ఏటా కొనాల్సిందే. రెండేళ్లు కొన్నాక మూడో ఏడు ఇంటి విత్తనం వెతికితే ఉండదు. మనమేమో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో పెరిగాం. వేసవి సెలవులకు ఇంటికి వెళ్తాం. విత్తనం పెట్టేది ఆ తర్వాత, తీసేది చలికాలంలో. రెండూ మన కళ్ల ముందు జరగలేదు. చదువు తప్పు కాదు, మన తప్పూ కాదు. కానీ అవ్వకూ మనకూ మధ్య ఒక పాఠం జారిపోయింది.

మనం చేయగలిగింది

మొదట, చిక్కుడుతో మొదలుపెట్టండి. చిక్కుడు పువ్వు ఎక్కువగా తనంతట తానే కట్టుకుంటుంది, పక్క రకంతో కలిసిపోయేది తక్కువ. అందుకే విత్తనం నిలబెట్టడం తేలిక. ఆరోగ్యంగా ఉన్న పాదు మీద మొదటి గెలలను కోయకుండా వదిలేయండి. కాయ పాదు మీదే ఎండాలి. గింజ గలగలలాడాక తీసి, నీడలో ఆరబెట్టి, జల్లించిన పొడి బూడిదలో కలిపి దాచండి. బూడిద తేమను పీల్చుకుంటుంది, పురుగును రానివ్వదు.

సొర, బీర విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. తేనెటీగలు ఒక పాదు పుప్పొడిని ఇంకో పాదుకు మోస్తాయి. చేదు బీర దగ్గర్లో ఉంటే తర్వాతి తరం కాయ చేదెక్కవచ్చు. కోసిన ముక్కను నాలుక మీద పెట్టి చూడమని అవ్వలు అందుకే అనేవారు. చేదుగా ఉన్న సొరకాయను తినకూడదు, అది ఆరోగ్యానికి ప్రమాదం. దాని గింజ దాచకూడదు.

పట్నంలో అద్దె గదిలో ఉంటున్నవాళ్లు చోటు లేదని అనకండి. బాల్కనీలో నాలుగు గంటలు ఎండ పడితే పాత బకెట్‌కు అడుగున చిల్లులు పెట్టి గోంగూర, తోటకూర, మిరప పెంచవచ్చు. బియ్యం కడిగిన నీళ్లు పోయండి. ఊరి విత్తనాన్ని మరో వాతావరణంలో పెట్టి చూడటం మన పెద్దలు ఎప్పటినుంచో చేసిన పనే. కొండ విత్తనం మైదానంలో మొలకెత్తిందో లేదో, ఎప్పుడు పూసిందో రాసి పెట్టండి. అదీ చరిత్రే.

చట్టం కూడా మన వైపు ఒక మాట చెబుతోంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. మన అవ్వలు తరతరాలుగా చేస్తున్న పనికి అది రాతపూర్వకమైన గుర్తింపు.

చివరగా ఒక విన్నపం. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అవ్వ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో కూర్చోండి. ఇంట్లో ఏ విత్తనం ఉంది, ఎవరిచ్చారు, ఏ కార్తెలో పెడతారు, మన భాషలో దాని పేరేమిటి అని అడగండి. గోండిలో చెబితే గోండిలోనే, కోయలో చెబితే కోయలోనే, సవరలో చెబితే సవరలోనే రాసుకోండి. గుప్పెడు గింజలు అడిగి తీసుకోండి. అందులో సగం మీరు పెట్టండి, సగం ఇంకొకరికి ఇవ్వండి. వరద వచ్చే ఒడ్డున విత్తనాన్ని రెండు ఇళ్లలో దాచిన మన పెద్దల పద్ధతి అదే.

కాలనీలో ఆ అవ్వ తన మూటలోంచి పన్నెండు చిక్కుడు గింజలు లెక్కపెట్టి మన చేతిలో పోసింది. మూడేళ్ల పాతవి కదా, మొలకెత్తుతాయో లేదో అని అనుమానపడ్డాం. పెట్టాం. అయిదు మొలిచాయి. ఈ చలికాలానికి కాపు వస్తే, మొదటి విత్తనం తిరిగి ఆమెకే ఇవ్వాలని అనుకున్నాం.